రెండు రాత్రులు కృష్ణ ఒడ్డున

నల్గొండ బస్టాండు. దసరా సెలవుల్లో ఒక ఆదివారం, పొద్దున ఆరున్నర. సాగర్ బస్సు ప్లాట్‌ఫాం మీదికి రాకముందే జనం దానికి ఎదురు ఉరుకుతారు. కిటికీల్లోంచి దస్తీలు, చేసంచులు పడి సీట్లన్నీ నిండిపోతాయి. నానమ్మ, కోడలు, మేనత్త, ఇద్దరు పిల్లలు. ఆడవాళ్ళు ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకుంటారు. కోడలి ఒళ్ళో మూడు గిన్నెల టిఫిన్: పైన పులిహోర, నడుమ ఆలుగడ్డ కూర, అడుగున పెరుగన్నం. తొమ్మిది దాటాక సాగర్‌లో దిగి డ్యాం చూస్తారు, ఫొటోలు దిగుతారు, ఎండ ముదిరాక నీడ వెతుక్కొని సద్ది విప్పుతారు. నాలుగు కొట్టేసరికి, నీళ్ళ దగ్గరికి ఇంకొక్కసారి పోదామని చిన్నమ్మాయి మారాం చేస్తుంటే, పెద్దవాళ్ళు బస్సు టైము చూసుకుంటూ చెయ్యి పట్టి లాక్కొస్తారు. ఎండ తగ్గి, గాలి చల్లబడి, నీటి మీద వెలుగు మారే వేళకు వాళ్ళు హాలియా రోడ్డు మీద బస్సులో నిలబడి ప్రయాణం చేస్తుంటారు.

దక్షిణ తెలంగాణలో మామూలు కుటుంబానికి సెలవంటే ఇంతే, పొద్దున పోయి రాత్రికి రావడం. ఈ పద్ధతి మారాలి. నీటి ఒడ్డున రెండు రాత్రులు ఉండి రావడం డబ్బున్నవాళ్ళ సరదాగా మిగిలిపోకూడదు. నల్గొండ, పాలమూరు ఇళ్ళకు అది అందే ధరలో, ఆడవాళ్ళకు ఇబ్బంది లేని తీరులో దొరకాలి. దొరికే అవకాశం ఇప్పుడు చేతికందేంత దగ్గరలో ఉంది కాబట్టే ఈ మాట గట్టిగా చెప్పాల్సి వస్తోంది.

సముద్రం ఒడ్డున సెలవు గడపడమనే అలవాటుకు పేరుపడ్డ దేశం ఇంగ్లండ్. అక్కడ ఏ మూల నిలబడ్డా సముద్రం దాదాపు 113 కిలోమీటర్ల లోపే. అంత దగ్గరున్నా కూలి మనిషికి ఆ ఒడ్డు ఊరికే అందలేదు. 1846లో బ్లాక్‌పూల్‌కు రైలు వచ్చింది. లాంకషైర్ బట్టల మిల్లులు ఏటా ఒక వారం మూసేస్తే ఊరికి ఊరే మూటాముల్లె కట్టుకొని ఆ రైలెక్కేది. 1871లో చట్టం చేసి బ్యాంకు సెలవులు ఇచ్చారు. జీతం కోతపడకుండా సెలవు ఇవ్వాలన్న చట్టం రావడానికి 1938 దాకా పట్టింది. రైలు, సెలవు, చవక గది, ఈ మూడూ ఒకచోట కలిస్తేనే నేతమిల్లు కార్మికురాలు సముద్రం పక్కన నిద్రపోగలిగింది. ఈ రోజుకీ అక్కడి పల్లెతీరాల్లో చిన్న కుటుంబాలు తమ ఇంట్లో రెండు గదులు అద్దెకిచ్చి, పొద్దున టిఫిన్ పెట్టి బతుకుతున్నాయి.

పాలమూరుకు సముద్రం తెలియదని ఎవరన్నా అంటే అది తప్పు. తరతరాలుగా ఇక్కడి కూలీలు ముంబయి బస్సెక్కారు. నారాయణపేట, మక్తల్, కోస్గి వైపు పల్లెల్లో సముద్రం చూసిన ముసలివాళ్ళు ఎందరో ఉన్నారు. పగలంతా ఇటుకలు, సిమెంటు తట్టలు మోసి, పని లేని ఏ సాయంత్రమో ఒడ్డున కాసేపు కూర్చున్నవాళ్ళు వాళ్ళు. ప్రాజెక్టులు కట్టడానికి దేశమంతా తిరిగిన పాలమూరు లేబర్ కూడా వీళ్ళే. ఎక్కడెక్కడో నీళ్ళు ఆపిన చేతులకు, సొంత జిల్లా నీటి పక్కన తీరిగ్గా కూర్చునే రెండు రోజులు దక్కలేదు.

ఆ నీళ్ళు తక్కువేమీ కావు. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేసిన నాగార్జునసాగర్‌లో నీరు పూర్తిమట్టం 590 అడుగులకు చేరినప్పుడు అవతలి గట్టు మసకలో కలిసిపోతుంది. ఎగువన శ్రీశైలం జలాశయం 885 అడుగులకు నిండితే కొల్లాపూర్ పక్కన సోమశిల దగ్గర కృష్ణమ్మ సముద్రంలాగే పరుచుకుంటుంది. ఈ నీటి కింద ఊళ్ళున్నాయి. శ్రీశైలం ప్రాజెక్టు కింద 1981 ప్రాంతంలో పాలమూరు, కర్నూలు జిల్లాల్లో వందకు పైగా గ్రామాలు ఖాళీ అయ్యాయి. సోమశిల గుడి, జటప్రోలు మదనగోపాలస్వామి గుడి, అలంపురంలో ఇప్పుడున్న కూడవెల్లి సంగమేశ్వరాలయం, అన్నీ రాయి రాయి విప్పి పైకి తెచ్చి మళ్ళీ పేర్చినవే. ఎండాకాలం నీళ్ళు దిగితే పాత ఇళ్ళ పునాదులు బయటపడతాయి. అవతలి ఒడ్డున సప్తనదుల సంగమేశ్వరం గుడి కొన్ని నెలలపాటు తేలి మళ్ళీ మునుగుతుంది. ఊరు పోగొట్టుకున్నవాళ్ళ పిల్లలు నేడు అదే ఒడ్డున చేపలు వేయించి అమ్ముతున్నారు. సోమశిల పర్యాటకం గురించి ఎవరేం తలపెట్టినా మొదటి లాభం వాళ్ళకే చేరాలి.

2024లో కేంద్ర పర్యాటక శాఖ సోమశిలను ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. అదే ఏడాది ‘సోమశిల వెల్‌నెస్ అండ్ స్పిరిచ్యువల్ రిట్రీట్ నల్లమల’ పేరుతో రూ.68.10 కోట్లు మంజూరయ్యాయి. పేరు పెద్దది, డబ్బూ చిన్నది కాదు. ఆ డబ్బుతో ఎవరికి గది దొరుకుతుందన్నదే అసలు ప్రశ్న. హైదరాబాద్ నుంచి కారులో వచ్చేవాళ్ళ కోసం కాటేజీలు కట్టడంతో పని ముగిస్తే, కొల్లాపూర్ బస్సు దిగిన కుటుంబం మళ్ళీ సాయంత్రం బస్సే ఎక్కాలి.

సెలవుకు ఎప్పుడు పోవాలన్నది రైతు ఇంట్లో పంటను బట్టి తేలుతుంది. సాగర్ ఎడమ కాలువ కింద వానాకాలం వరి నాట్లు జులై, ఆగస్టుల్లో పడతాయి, కోతలు నవంబరుకు వస్తాయి. ఆ మధ్యలో, సెప్టెంబరు చివర నుంచి దసరా దాకా, పైరు పొట్ట మీదుండగా చేతికి కాస్త సందు దొరుకుతుంది. పిల్లలకు బడి సెలవులూ అప్పుడే. ఎగువన మంచి వానలు పడిన ఏడు జలాశయాలు నిండుకుండల్లా ఉండేదీ అప్పుడే. మూడూ కలిసొచ్చే ఈ పదిహేను రోజుల్ని వదులుకోవద్దు. పత్తి ఏరే ఇళ్ళకు అక్టోబరు కుదరదు, వాళ్ళకు సంక్రాంతి సెలవులు మేలు. అప్పటికి నీరు కొంత దిగినా ఎండ హాయిగా ఉంటుంది. మార్చి దాటాక మాత్రం నీళ్ళు దూరం జరిగి, నడుమ బురద, బండలే మిగులుతాయి.

సాగర్‌కు పోయేవాళ్ళు శుక్రవారం నాగార్జునకొండ పెట్టుకోవద్దు, ఆ రోజు మ్యూజియం మూసి ఉంటుంది. కొండకు లాంచీలో పోవాలి. ఇక్ష్వాకుల రాజధాని విజయపురిని నీళ్ళు ముంచేలోపు, 1954 నుంచి 1960 దాకా తవ్వి తీసినవి ఆ దీవి మీద ఉన్నాయి. వాటిని హడావిడిగా చూసి రావడం దండగ. మొదటి రోజు కొండ, రెండో రోజు పొద్దున 2022లో తెరిచిన బుద్ధవనం, సాయంత్రం కుడిగట్టు వైపు అనుపు, ఎత్తిపోతల జలపాతం. ఇలా విడగొట్టుకుంటే నానమ్మ మోకాళ్ళకు కూడా విశ్రాంతి ఉంటుంది. శ్రీశైలం దాకా పోయే లాంచీ నీటిమట్టాన్ని బట్టే నడుస్తుంది కాబట్టి ఫోన్ చేసి కనుక్కోకుండా దాని మీద ఆశ పెట్టుకోకూడదు.

సోమశిలలో చూసేవి తక్కువ, కూర్చునే చోట్లు ఎక్కువ. గుడి, ఘాటు, ఒక పడవ ప్రయాణం, కొల్లాపూర్ సంస్థానం కోట, జటప్రోలు. మిగిలిన పొద్దంతా నీళ్ళే.

ఇక ఎవరూ సభల్లో మాట్లాడని విషయం ఒకటుంది, మరుగుదొడ్డి. ఆదివారం నీటి ఒడ్డుకు వచ్చిన ఆడవాళ్ళు మధ్యాహ్నం భోజనంలో మంచినీళ్ళు ఎందుకు తక్కువ తాగుతారో ప్రతి ఇంట్లో తెలుసు. బస్టాండులో వెళ్ళొచ్చాక మళ్ళీ ఇంటికి చేరేదాకా ఓర్చుకోవడం వాళ్ళకు అలవాటైపోయింది. ఉచిత బస్సు 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళను గడప దాటించింది. అక్కాచెల్లెళ్ళు, వదినామరదళ్ళు మగవాళ్ళ తోడు లేకుండా సాగర్‌కు, కొల్లాపూర్‌కు పోతున్నారు. ఇది చిన్న మార్పు కాదు. బస్సు తీసుకొచ్చి దింపిన చోట తలుపు గడియ పడే, నీళ్ళు వచ్చే మరుగుదొడ్డి లేకపోతే ఆ మార్పు సగంలో ఆగిపోతుంది. చీకటి పడ్డాక ఘాటు మీద లైట్లు, గడియ సరిగ్గా ఉండే గది, పొద్దున వేడినీళ్ళు. రాత్రి ఉండడానికి ఆడవాళ్ళు ఒప్పుకునేది ఇవి చూసే.

‘మనోళ్ళు ఎక్కడికీ పోయి రాత్రులు ఉండరు, అది మన అలవాటు కాదు’ అని అధికారులు తేల్చేస్తుంటారు. దీపావళి తర్వాత జరిగే కురుమూర్తి జాతరకు, మన్యంకొండకు, పెద్దగట్టుకు పోయి చూస్తే ఆ మాట నిలవదు. ట్రాక్టర్ ట్రాలీల్లో వంటసామాను, దుప్పట్లు వేసుకొని, చెట్ల కింద పొయ్యి పెట్టి, పిల్లాజెల్లాతో రెండేసి రాత్రులు ఉండి వస్తారు. సద్దుల బతుకమ్మ నాడు ఊరి ఆడవాళ్ళంతా చెరువు గట్టుకు చేరి, పూలను నీళ్ళలో వదిలి, తెచ్చిన సద్దులు పంచుకొని తిని ఇంటికొస్తారు. నీటి పక్కన కూడి తినడం, ఊరు వదిలి రాత్రి ఉండడం రెండూ ఇక్కడి జనానికి తెలుసు. చవకలో నాలుగు గోడల గది ఒక్కటే తెలియదు.

భద్రత దగ్గర మాత్రం రాజీ పడరాదు. 2007 జనవరిలో ఇదే కృష్ణలో, నెహ్రూనగర్, మంచాలకట్ట మధ్య జనం కిక్కిరిసిన పడవ మునిగి 60 మంది దాకా ప్రాణాలు పోయాయి. సోమశిల, సిద్ధేశ్వరం మధ్య వంతెన కావాలని జనం పట్టుబట్టడానికి ఆ ఏడుపే కారణం. 2022లో ఆ వంతెనకు కేంద్రం ఆమోదం దొరికింది. 2019 సెప్టెంబరు 15న గోదావరి మీద కచ్చులూరు దగ్గర పాపికొండల బోటు మునిగినప్పుడు తెలంగాణ నుంచి సెలవు గడపడానికి వెళ్ళినవాళ్ళూ చనిపోయారు. పుట్టి అయినా, మరబోటు అయినా, ఎక్కే ప్రతి మనిషి ఒంటి మీద లైఫ్ జాకెట్ ఉండాలి, పిల్లలకు పిల్లల కొలతవి ఉండాలి. పెద్దవాళ్ళ జాకెట్ తొడిగిన ఆరేళ్ళ పాప నీళ్ళలో పడితే జాకెట్ పైకి తేలి పాప కిందికి జారుతుంది. పడవవాడు ‘ఏం కాదమ్మా, రోజూ తిప్పుతున్నా’ అంటే ఆ పడవ దిగిపోవాలి. ఇంగ్లండ్ తీరాల్లో ఎరుపు, పసుపు జెండాల నడుమే దిగమంటారు, అక్కడ లైఫ్‌గార్డు కళ్ళు నీళ్ళలో దిగినవాళ్ళ మీదే ఉంటాయి. సాగర్‌లో, సోమశిలలో కూడా సెలవు రోజుల్లో స్నానానికి హద్దు కట్టి, ఈత వచ్చిన జాలరి యువకులకు జీతమిచ్చి కాపలా పెట్టొచ్చు. నీటి లోతు వాళ్ళకు తెలిసినంతగా ఏ ఇంజినీరుకూ తెలియదు.

నిజమైన సముద్రమే కావాలంటే నల్గొండకు అదీ అంత దూరం కాదు. సాయంత్రం నారాయణాద్రి ఎక్కితే మిర్యాలగూడ, గుంటూరు, తెనాలి మీదుగా ఆ రాత్రికే బాపట్ల. అక్కడి నుంచి సూర్యలంక తీరం 9 కిలోమీటర్లు. రైలు రాత్రి పొద్దుపోయాక దింపుతుంది కాబట్టి గది ముందే మాట్లాడుకొని పోవాలి. చెరువుల్లో ఈత నేర్చినవాళ్ళు సముద్రాన్ని చెరువనుకొని మోసపోతారు. అల వెనక్కి పోతూ కాళ్ళ కింది ఇసుకను, మనిషినీ కలిపి లాగుతుంది. మోకాళ్ళ లోతు దాటొద్దని పిల్లలకు రైల్లోనే చెప్పాలి.

సోమశిల డబ్బు దగ్గరికే మళ్ళీ రావాలి. ఆ రూ.68.10 కోట్లలో కొంత పక్కన పెట్టి, గ్రామంలో ఇల్లున్నవాళ్ళకు ఒక గది, ఒక బాత్‌రూం బాగుచేసుకోవడానికి సాయం చేయొచ్చు. నిర్వాసిత కుటుంబాలకు, మహిళా సంఘాలకు మొదటి వరుస ఇవ్వాలి. గది అద్దె బోర్డు మీద రాసి పెట్టాలి. జొన్నరొట్టె, చేపల పులుసు ఆ ఇంటివాళ్ళే వండి పెడతారు. ఆర్టీసీ దసరా సెలవుల్లో కొల్లాపూర్ నుంచి సోమశిలకు పొద్దున, సాయంత్రం బస్సులు పెంచితే చాలు, కారు లేని కుటుంబం కూడా ఘాటు దాకా చేరుతుంది. ఇందులో ఏ ఒక్కటీ వంతెన కట్టినంత కష్టం కాదు, వచ్చే దసరాకు మొదలుపెట్టొచ్చు.

అప్పుడు ఆ నల్గొండ చిన్నమ్మాయి లాంటి పిల్లలు తెల్లవారి ఐదున్నరకు ఘాటు మెట్ల మీద ఉంటారు. నల్లమల వైపు ఆకాశం ఎర్రబారకముందే రాత్రి వలలు వేసి వచ్చినవాళ్ళ పుట్టీలు ఒక్కొక్కటిగా గట్టుకు చేరుతుంటాయి. వలలో రవ్వలు, బొచ్చెలు ఇంకా కొట్టుకుంటుంటాయి. తూకం రాళ్ళు, బేరం, తడిసిన మెట్ల మీద పొలుసులు. సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయేవాళ్ళెవరూ ఇప్పటిదాకా ఇది చూడలేదు.