చక్రానికి జ్వరం



సంతలో మీ అమ్మ కుండ కొనేటప్పుడు ఏం చేస్తుందో ఎప్పుడైనా గమనించారా? వేలు మడిచి దాని మీద కొట్టి చూస్తుంది. ఖంగుమని మోగితే మంచి కుండ. మోత బొంగురుగా వస్తే ఎక్కడో బీట ఉన్నదన్నమాట. పూర్వం రైలు చక్రాలను కూడా ఇట్లాగే పరీక్షించేవారు. బండి స్టేషనులో ఆగగానే ఒక మనిషి పొడుగు పిడి ఉన్న సుత్తి పట్టుకొని చక్రాలను వరుసగా కొట్టుకుంటూ పోయేవాడు. కంటికి ఆనని పగులు అతని చెవికి చిక్కేది.

ఇరుసు సంగతి వేరు. కందెన లేని ఎద్దుబండి ఇరుసు కిర్రుమని ఊరంతా వినబడేట్లు అరుస్తుంది గదా! రైలు పెట్టె ఇరుసు కొనల మీద టన్నుల కొద్దీ బరువు ఉంటుంది. ఆ బరువు మోస్తూనే ఇరుసు సులువుగా తిరగడానికి ప్రతి కొనకూ ఒక బేరింగు ఉంటుంది. దాని లోపల ఉక్కు రోలర్లు, వాటి చుట్టూ గ్రీజు, పైన ఒక తొడుగు. ఒక రోలరు మీద చిన్న పెచ్చు లేచిందనుకోండి. రాపిడి పెరుగుతుంది. మీ అరచేతులు గట్టిగా రుద్దుకుంటే ఏమవుతుంది? వేడెక్కుతాయి. ఇక్కడా అంతే. వేడికి గ్రీజు పాడవుతుంది. గ్రీజు పాడైతే రాపిడి ఇంకా పెరుగుతుంది. చివరికి ఇరుసు కొన ఎర్రగా కాలి, మెత్తబడి, విరిగిపోతుంది.

అందుకే ఆగిన బండి ఇరుసుపెట్టెలను పరీక్షకులు జ్వరం చూసినట్లు చేత్తో తాకి చూసేవారు. తరువాత, 1950 దశకంలో, పట్టాల ప్రక్కన నిలిపి ఉంచే యంత్రాలు అమెరికాలో వాడకంలోకి వచ్చాయి. వేడి వస్తువుల నుంచి పరారుణ కిరణాలు వెలువడతాయి. మన కంటికి కనబడని ఆ కిరణాలను బట్టి, పరుగెత్తే బండి బేరింగుల వేడిని యంత్రం కొలుస్తుంది.

అయితే జ్వరం కొలవడం ఒకటి, దానిని అర్థం చేసుకోవడం మరొకటి.

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఈస్ట్ పాలస్టీన్ అనే చిన్న ఊరున్నది. 2023 ఫిబ్రవరి 3వ తేదీ రాత్రి 149 పెట్టెల గూడ్సు బండి ఒకటి ఆ ఊరి వైపు వస్తున్నది. ప్లాస్టిక్ గుళికలున్న 23వ పెట్టెలో ఒక బేరింగు పాడయింది. దారిలో మొదటి యంత్రం ఆ బేరింగు చుట్టూ ఉన్న గాలికంటె 38 ఫారన్‌హీట్ డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉన్నదని చెప్పింది. సుమారు 17 కిలోమీటర్ల తరువాత, సేలం అనే ఊరి దగ్గర, రెండవ యంత్రం 103 అన్నది. ఆ రైల్వే కంపెనీ నియమం ప్రకారం 170 వస్తేనే బండి ఆపి చూడాలి. కనుక బండి నడిపేవారికి హెచ్చరికే పోలేదు. విచిత్రమేమంటే, ఆ సేలంలోనే ఒక కెమేరాలో ఆ పెట్టె క్రింద మంట కనబడింది! యంత్రానికి తెలిసేది పైతొడుగు వేడి మాత్రమే. లోపలి వేడి అంత త్వరగా పైకి తేలదు.

మూడవ యంత్రం ఇంకా 31 కిలోమీటర్ల అవతల ఉన్నది. అక్కడ 253 వచ్చింది. డ్రైవరు బండిని ఆపబోతూండగానే ఇరుసు కొన విరిగి 38 పెట్టెలు పట్టాలు తప్పాయి. ప్రాణాలు పోలేదు. కాని రసాయనాలు అంటుకున్నాయి, జనం ఇళ్ళు విడిచిపోవలసి వచ్చింది. మూడు రోజుల తరువాత అయిదు ట్యాంకర్ల వినైల్ క్లోరైడును అధికారులే బయటికి వదిలి తగలబెట్టించారు. అది అవసరమే లేదని తరువాత దర్యాప్తు చేసిన బోర్డు తేల్చింది.

నా మట్టుకు నాకు 170 అనే గీత కంటె, 38 మీద 103 రావడమే ముఖ్యమనిపిస్తుంది. క్రిందటి పరీక్షలో 80 మార్కులు తెచ్చుకున్న కుర్రవాడికి ఈసారి 45 వస్తే, పాసయ్యాడు గదా అని ఏ ఉపాధ్యాయుడైనా ఊరుకుంటాడా?

ఇప్పుడు సుత్తి మనిషి చెవికి బదులు మైక్రోఫోన్లు కూడా వచ్చాయి. వీటిని పట్టాల ప్రక్కన అమర్చుతారు. బేరింగు వేడెక్కడానికి చాలా ముందే, దాని శబ్దంలోని తేడాను అవి పట్టుకోగలవు. మన దేశంలోనూ కొన్ని చోట్ల పెట్టారు. అంతమాత్రాన మనిషి కన్ను అక్కరలేకుండా పోలేదు. ఈసారి విజయవాడ వంటి పెద్ద జంక్షనులోకి మీ బండి వచ్చేటప్పుడు కిటికీలోంచి చూడండి (తల బయట పెట్టకూడదు సుమా!). పట్టాల ప్రక్కన గొంతుక్కూర్చుని, కదిలే బండి అడుగుభాగాన్నే రెప్పవాల్చకుండా చూసేవాళ్ళు కనబడవచ్చు. వాళ్ళు వెతికేది వేలాడే ముక్కనూ, పగిలిన స్ప్రింగునూ, పొగనూ.

ఇక మీకొక లెక్క. 253 ఫారన్‌హీట్ డిగ్రీల తేడాను 5తో గుణించి 9తో భాగిస్తే సుమారు 141 సెంటీగ్రేడు డిగ్రీల తేడా వస్తుంది. మీ పుస్తకంలో చెప్పినట్లు 32 తీసివేయలేదు. ఎందుకో ఆలోచించండి. మిగిలిన రెండు అంకెలనూ మీరే మార్చి, 0, 17, 48 కిలోమీటర్ల దగ్గర గ్రాఫు కాగితం మీద మూడు చుక్కలు పెట్టి, గీతతో కలిపి మీ నాన్నగారికి చూపించండి.