నర్సుల జీతాలు: పక్కవాళ్లకు చెబితే తప్పా, దాస్తే నష్టమా?

ఆడవాళ్ల వయసు, మగవాళ్ల జీతం అడగకూడదని మన దగ్గర ఒక మాట ఉంది. ఆ మాట పుట్టిన రోజుల్లో ఆడవాళ్లకూ జీతం ఉంటుందని ఎవరూ అనుకోలేదేమో. ఇప్పుడు ఏన్కూరు లాంటి మండలంలో కూడా నర్సుగా చేసే కూతురి జీతం మీదో, కోడలి జీతం మీదో నడిచే ఇళ్లు ఉన్నాయి. అయినా "నీకెంత ఇస్తున్నారు?" అని తోటి నర్సు అడిగితే సమాధానం చెప్పాలా వద్దా అన్న సందేహం అలాగే ఉంది. చెబితే గొప్పలు అంటారు, అడిగితే ఏడుపు అంటారు. కొన్ని ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే చేరిన రోజే "జీతం గురించి ఎవరితో మాట్లాడొద్దు" అని చెప్పి పంపిస్తారు.

ఇది మర్యాదకు సంబంధించిన విషయమా, లేక హక్కుకు సంబంధించినదా? ముందు లెక్కలు చూడాలి.

ఏన్కూరు ఖమ్మం జిల్లాలో, భద్రాద్రి కొత్తగూడెం వైపు అడవి అంచున ఉంటుంది. ఇక్కడ నర్సింగ్ చదివిన అమ్మాయి ముందు నాలుగు దారులు ఉంటాయి. ప్రభుత్వంలో రెగ్యులర్ పోస్టు ఒకటి. జాతీయ ఆరోగ్య మిషన్ కింద కాంట్రాక్టు రెండోది. ఔట్‌సోర్సింగ్ సంస్థ ద్వారా ప్రభుత్వ ఆసుపత్రిలో పని మూడోది. ఖమ్మంలోనో కొత్తగూడెంలోనో ప్రైవేటు నర్సింగ్ హోం నాలుగోది. చదువు అదే, రిజిస్ట్రేషన్ అదే. నైట్ డ్యూటీలో పెట్టే సెలైన్ కూడా అదే. జీతం మాత్రం నాలుగు రకాలు.

2022 డిసెంబర్‌లో తెలంగాణ వైద్య ఆరోగ్య సర్వీసుల నియామక బోర్డు స్టాఫ్ నర్సు పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. అందులో స్కేలు రూ. 36,750 నుంచి రూ. 1,06,990 వరకు. దీనిపై డీఏ, ఇంటి అద్దె అలవెన్సు అదనం. అదే ఏడాది పల్లె దవాఖానాలకు తీసుకున్న స్టాఫ్ నర్సులకు నెలకు మొత్తం కలిపి రూ. 29,900. ఔట్‌సోర్సింగ్‌లో, ప్రైవేటులో చాలామందికి ఇంతకంటే తక్కువే వస్తుంది. ఎంత తక్కువో వాళ్లు చెప్పుకుంటేనే తెలుస్తుంది.

చెప్పుకున్నప్పుడు ఏం జరిగిందో 2020 జూలైలో హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో అందరూ చూశారు. కరోనా ఉధృతంగా ఉన్న రోజులవి. ఏళ్ల తరబడి అక్కడ పనిచేస్తున్న ఔట్‌సోర్సింగ్ నర్సులకు నెలకు రూ. 17,500. కొత్తగా తీసుకుంటున్న వాళ్లకు రూ. 25,000 అని తెలిసింది. సీనియర్లకు తక్కువ, జూనియర్లకు ఎక్కువ ఎందుకని నర్సులు విధులు ఆపి ఆందోళనకు దిగారు. అప్పటి ఆరోగ్య మంత్రి ఈటల రాజేందర్ చర్చలు జరిపాక వీళ్ల జీతం కూడా రూ. 25,000 చేస్తామని, కొవిడ్ డ్యూటీకి రోజువారీ ప్రోత్సాహకం ఇస్తామని సర్కారు ఒప్పుకుంది. ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడకపోతే ఆ పెంపు వచ్చేదా అన్నది ఆలోచించాలి.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. ప్రభుత్వ ఉద్యోగి జీతం అసలు రహస్యమే కాదు. 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 ప్రకారం ప్రతి ప్రభుత్వ కార్యాలయం తన అధికారులు, ఉద్యోగుల నెల జీతాలను ఎవరూ అడగకుండానే ప్రకటించాలి. అంటే రెగ్యులర్ నర్సు జీతం ఊరందరికీ తెలియవచ్చు. పక్క బెడ్ దగ్గర పనిచేసే ఔట్‌సోర్సింగ్ నర్సు జీతం మాత్రం చీకట్లో ఉంటుంది. ఎక్కువ వచ్చేవాళ్లది బహిరంగం, తక్కువ వచ్చేవాళ్లది గుట్టు. ఈ గుట్టు వల్ల లాభం ఎవరికన్నది వేరే చెప్పనక్కర్లేదు.

ప్రైవేటు సంగతికి వస్తే, ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా వేసిన పిటిషన్‌పై 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశం ఇచ్చింది. దాంతో కేంద్రం ఒక కమిటీ వేసింది. 200కు పైగా పడకలుంటే ప్రభుత్వ నర్సుతో సమాన జీతం, 100 దాటితే 10 శాతానికి మించని తేడా, 50 నుంచి 100 పడకలైతే 25 శాతానికి మించని తేడా ఉండాలని కమిటీ చెప్పింది. 50 లోపు ఉన్నా రూ. 20,000కు తగ్గకూడదంది. ఇవి సిఫార్సులే. అమలు రాష్ట్రాల చేతిలో పెట్టారు. కేరళలో నర్సులు 2017లో సమ్మెలు చేసి, పట్టుబట్టి, 2018 ఏప్రిల్‌లో రూ. 20,000 కనీస మూల వేతనం నోటిఫికేషన్ సాధించుకున్నారు. అక్కడ ఎవరికెంత వస్తుందో నర్సులు సంఘం పెట్టుకుని బయటికి చెప్పారు కాబట్టే అది రాజకీయ అంశమైంది.

అయితే వద్దనే వాళ్ల వాదనలోనూ కొంత నిజం ఉంది. పోల్చుకోవడం మొదలైతే కోపం యజమాని మీదికి పోకుండా పక్కనున్న అక్క మీదికి పోతుంది. "ఆమెకు ఎందుకంత?" అన్న మాట వార్డును రెండుగా చీలుస్తుంది. పైగా చాలాసార్లు పోల్చే అంకెలే తప్పు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక నర్సు జీతం రూ. 15,000 అనుకుందాం. పీఎఫ్ 12 శాతం అంటే రూ. 1,800, ఈఎస్ఐ 0.75 శాతం అంటే రూ. 113 పోతే చేతికి రూ. 13,087 వస్తుంది. యజమాని తన వాటాగా పీఎఫ్‌కు, దాని చార్జీలకు 13 శాతం, ఈఎస్ఐకి 3.25 శాతం కడతాడు. అప్పుడు అతని మొత్తం ఖర్చు దాదాపు రూ. 17,438. ఒకామె "నాకు పదిహేడు వేల పైనే" అంటుంది, ఇంకొకామె "నాకు పదమూడే" అంటుంది. ఇద్దరిదీ ఒకే జీతం! తెలియక మనసు పాడుచేసుకుంటారు. ఇంకో రకం కూడా ఉంది. యజమాని వాటాను కూడా నర్సు జీతంలోంచే కోస్తే అది చట్ట విరుద్ధం. స్లిప్పులు పక్కపక్కన పెట్టి చూసుకుంటేనే ఇది బయటపడుతుంది. కోసిన డబ్బు నిజంగా కట్టారా లేదా అన్నది యూఏఎన్ నంబర్‌తో పీఎఫ్ పాస్‌బుక్‌లో చూసుకోవచ్చు.

మరి చట్టం ఏమంటుంది? జీతం చెప్పుకుంటే నేరం అనే చట్టం మన దేశంలో లేదు. చెప్పుకున్నందుకు ఉద్యోగం తీసేయకూడదని నేరుగా రక్షణ ఇచ్చే చట్టం కూడా లేదు. అమెరికాలో 1935 నాటి కార్మిక సంబంధాల చట్టం ప్రైవేటు ఉద్యోగులకు ఆ రక్షణ ఇస్తుంది. బ్రిటన్‌లో 2010 సమానత్వ చట్టం జీతాల్లో వివక్ష ఉందేమో తెలుసుకోవడానికి జరిగే మాటలను కాపాడుతుంది. అక్కడి ఎన్‌హెచ్‌ఎస్‌లో నర్సుల జీతాలు బ్యాండ్ల వారీగా అందరి ముందూ ఉంటాయి. మన దగ్గర నుంచి వెళ్లే నర్సు విమానం ఎక్కకముందే తన బ్యాండ్ ఎంతో చూసుకుంటుంది. అదే అమ్మాయికి ఖమ్మంలో పక్క నర్సింగ్ హోంలో ఎంత ఇస్తారో తెలియదు.

2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి తెచ్చిన వేతనాల కోడ్ జీతం స్లిప్పు ఇవ్వాలని చెబుతోంది. ఆడ, మగ తేడాతో జీతం తగ్గించకూడదనీ అంటోంది. కానీ నర్సుల్లో ఎక్కువమంది ఆడవాళ్లే. ఇక్కడ తేడా ఆడ, మగ మధ్య కాదు, రెగ్యులర్‌కూ ఔట్‌సోర్సింగ్‌కూ మధ్య. 2016 అక్టోబర్‌లో జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు సమాన పనికి సమాన వేతనం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తుందని చెప్పింది. ఔట్‌సోర్సింగ్ నర్సుకు మాత్రం కాగితం మీద యజమాని మధ్యలో ఉన్న సంస్థే కాబట్టి ఆ తీర్పు ఆమె దాకా సులువుగా రాదు.

అందుకే జీతం గురించి మాట్లాడుకోవడం తప్పు కాదు, ఎలా మాట్లాడుకోవాలన్నదే అసలు విషయం. చేతికొచ్చేది కాకుండా స్లిప్పులో ఉన్న మొత్తం జీతాన్ని, కోతలను, డ్యూటీ గంటలను, నైట్‌లను, సెలవులను పోల్చుకోవాలి. "ఆమెకెందుకు ఎక్కువ" అని కాకుండా "మాకెందుకు తక్కువ" అని, ఒక్కరుగా కాకుండా నలుగురు కలిసి అడగాలి. అడగడానికి ముందు కాగితం చేతిలో ఉండాలి. స్లిప్పు లేని నర్సు మొదట అడగాల్సింది పెంపు కాదు, ఆ స్లిప్పే.