వీధిలో రేసు సరే, బిల్లు ఎవరిది?

హైదరాబాద్ ఫార్ములా-ఈ కేసు వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ మన వాట్సాప్ గ్రూపులు రెండుగా చీలిపోతాయి. కేటీఆర్‌ది తప్పని ఒక వర్గం, రేవంత్ రెడ్డిది కక్ష అని ఇంకో వర్గం. హెచ్‌ఎండీఏ నుంచి ఫార్ములా-ఈ నిర్వాహకులకు వెళ్లిన సుమారు 55 కోట్ల రూపాయలు నిబంధనల ప్రకారమే వెళ్లాయా అన్నది 2024 డిసెంబరులో ఏసీబీ పెట్టిన ఆ కేసులో ప్రశ్న. ఆరోపణలను కేటీఆర్ ఖండించారు. అది తేల్చాల్సింది కోర్టు, మన గ్రూపు అడ్మిన్లు కాదు. నా సందేహం వేరు. రోజూ బస్సులూ ఆటోలూ తిరిగే రోడ్డు మూసేసి రేసు పెట్టడం ఈ కాలంలో అసలు అవసరమా? మనం ఉంటున్న ఈ దేశంలో ఈ ప్రశ్న డెబ్బై ఏళ్ల పైబడి నలుగుతోంది.

న్యూయార్క్ రాష్ట్రంలోని వాట్కిన్స్ గ్లెన్ అనే చిన్న ఊళ్లో 1948లో ఊరి రోడ్ల మీదే రేసులు మొదలుపెట్టారు. 1952లో ఒక కారు రోడ్డు పక్కన నిలబడ్డ జనాన్ని ఢీకొని ఏడేళ్ల బాబు చనిపోయాడు. తర్వాత రేసును ఊళ్లోంచి తీసేశారు, 1956లో విడిగా సర్క్యూట్ కట్టుకున్నారు. విస్కాన్సిన్‌లో ఎల్క్‌హార్ట్ లేక్ కూడా అలాగే రోడ్లు వదిలి, 1955లో రోడ్ అమెరికా ట్రాక్‌కి మారింది. అంటే ప్రాణభద్రత సంగతి అప్పుడే తేలిపోయింది. మరి రేసులు మళ్లీ వీధుల్లోకి ఎందుకొచ్చాయంటే, ఊరవతల పొలాల మధ్య ఉన్న ట్రాక్‌కి కొత్త జనం రారు. జనం ఉన్నచోటికే రేసు రావాలి. హోటళ్లు, స్పాన్సర్లు, టీవీలో నగరం అందాలు, అన్నీ అక్కడే.

ఆట వైపు నుంచి వినిపించే అభ్యంతరం మనకు తెలిసిందే: వీధి ట్రాక్‌లో ఓవర్‌టేకింగ్ ఉండదు. ఇక్కడ చదువుకున్న ఫిజిక్స్ కొంచెం పనికొస్తుంది. ఫార్ములా-1 కారు గాలి ఒత్తిడితోనే నేలకు అతుక్కుని మలుపు తిరుగుతుంది. ముందున్న కారు ఆ గాలిని చెదరగొడితే వెనకవాడికి పట్టు తగ్గుతుంది. దాటాలంటే పొడుగాటి తిన్నని దారి, దాని చివర గట్టిగా బ్రేకు వేసే చోటు కావాలి. పైగా వేగం రెట్టింపైతే చలనశక్తి నాలుగింతలవుతుంది. మామూలు ట్రాక్‌లో దాన్ని మింగడానికి ఖాళీ జాగా ఉంటుంది, వీధిలో గోడ ఉంటుంది. 1929లో మొదలైన మొనాకో వీధులు అలాగే ఉన్నాయి, కార్లు మాత్రం ఐదు మీటర్లు దాటాయి. 2025లో అక్కడ రెండుసార్లు టైర్లు మార్చి తీరాలని నిబంధన పెట్టి చూశారు. కొన్ని జట్లు ఒక కారుతో కావాలని నెమ్మదిగా నడిపించి, వెనకున్నవాళ్లను ఆపేసి, రెండో కారుకి దారి చేసుకున్నాయి. సంగీత్‌లో మైకు పట్టుకుని వదలని బాబాయిలాగా!

కానీ ఫార్ములా-ఈ కార్లు నగర వీధుల్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి. అంత వేగం ఉండదు, చెవులు పగిలే మోత ఉండదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున, సెక్రటేరియట్ పక్కన, సుమారు 2.8 కిలోమీటర్ల ట్రాక్ మీద జరిగిన రేసులో జాన్-ఎరిక్ వెర్న్ గెలిచాడు. 2013లో నోయిడా దగ్గర ఆఖరి ఫార్ములా-1 రేసు జరిగాక, పదేళ్లకు మన దేశానికి ఎఫ్‌ఐఏ ప్రపంచ ఛాంపియన్‌షిప్ రేసు వచ్చింది, అదీ మన ఊరికి. కాబట్టి ఆట పరంగా హైదరాబాద్ ఎంపికలో నాకు తప్పు కనపడదు. తేడా కొట్టింది లెక్కల్లో.

లెక్క సరిగ్గా చూసుకున్న ఊరు కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్. 1970లలో అది కళ తప్పిన ఓడరేవు పట్టణం. డౌన్‌టౌన్‌లో చౌక బార్లు, పెద్దలకు మాత్రమే అనే సినిమా హాళ్లు. క్రిస్ పుక్ అనే ట్రావెల్ ఏజెంట్ మన ఊరిని మొనాకో చేద్దామని బయల్దేరాడు. 1975లో మొదటి రేసు, 1976 నుంచి 1983 దాకా ఫార్ములా-1. నేను మెచ్చుకునేది ఆ తర్వాత జరిగినదాన్ని. ఫార్ములా-1 అడిగే ఫీజు తలకు మించిందని గ్రహించి, ఆ పేరూ హోదా వదిలేసి, 1984 నుంచి ఖర్చు తక్కువైన ఇండీకార్ తరహా రేసులకు మారాడు. పరువు కోసం అప్పు చేసి పెళ్లి చేయలేదన్నమాట. 2025 ఏప్రిల్‌లో ఆ రేసు యాభయ్యేళ్ల పండుగ చేసుకుంది.

డెట్రాయిట్‌ది ఇంకో పద్ధతి. చాలా ఏళ్లు బెల్ ఐల్ పార్కులో జరిగిన రేసుని 2023లో మళ్లీ డౌన్‌టౌన్‌కి తెచ్చినప్పుడు, రేసు చూడగలిగే ప్రాంతంలో దాదాపు సగాన్ని టికెట్ లేకుండా వదిలారు. ఊరి రోడ్డు వాడుకుంటున్నప్పుడు ఊరివాళ్లకి ఆ మాత్రం ఇవ్వాలి కదా. అదే ఏడాది నవంబరులో లాస్ వేగస్‌లో మొదటి ప్రాక్టీస్ తొమ్మిది నిమిషాలైనా సాగకముందే రోడ్డు మీది వాటర్ వాల్వ్ మూత లేచి కార్లోస్ సైంజ్ ఫెరారీని చీల్చింది. రెండో ప్రాక్టీస్ తెల్లవారుజామున రెండున్నరకి జరిగింది, టికెట్ కొన్నవాళ్లని అప్పటికే బయటికి పంపేశారు. అంతకు ముందు నెలల తరబడి రోడ్డు పనుల మధ్య స్ట్రిప్‌లో పనికెళ్లి వచ్చినవాళ్ల గోడు ఏ కెమెరాకీ ఎక్కలేదు. బాల్టిమోర్‌లో 2011లో తొలి రేసు పెట్టిన కంపెనీ అయితే బాకీలు మిగిల్చి మూతపడింది. 2013 తర్వాత అక్కడ రేసే లేదు.

హైదరాబాద్ కథకి అచ్చంగా అద్దం మాత్రం మాంట్రియల్. 2017 జులైలో మేయర్ డెనిస్ కొడేర్ పట్టుబట్టి ఫార్ములా-ఈ తెచ్చాడు. నవంబరులో ఎన్నికల్లో ఓడిపోయాడు, ఆ ఓటమికి ఈ రేసు మీద జనానికి ఉన్న మంటా ఒక కారణమే. కొత్త మేయర్ వాలెరీ ప్లాంట్ డిసెంబరులోనే రెండో ఏడాది రేసు రద్దు చేసింది. మన దగ్గర తొలి ఏడాది ప్రైవేటు ప్రమోటర్ ఉన్నాడు. రెండో ఏడాదికి ఆ సంస్థ తప్పుకుంటే భారం హెచ్‌ఎండీఏ మీద పడింది. కొత్త ఒప్పందం 2023 అక్టోబరు 30న, అంటే పోలింగుకి సరిగ్గా నెల ముందు జరిగింది. ప్రభుత్వం మారింది, 2024 జనవరిలో రేసు రద్దయింది. డబ్బు వెళ్లింది, రేసు రాలేదు. ఒక నాయకుడి ఉత్సాహం మీద నిలబడ్డ రేసు ఆ నాయకుడు దిగగానే కూలుతుంది. లాంగ్ బీచ్‌లో మేయర్లు ఎందరు మారినా రేసు మారకపోవడానికి కారణం, అక్కడ అది ఊరి ఆదాయంలో భాగం కావడం.

అందుకే వీధి రేసులకు కాలం చెల్లిందని నేననను. ప్రైవేటు సంస్థ నష్టం భరించలేనని వెళ్లిపోతే, ఆ నష్టం ప్రజల ఖాతాలోకి రాకూడదు, అంతే. ప్రమోటర్‌కి లాభం కనపడని రేసుని ప్రభుత్వం నెత్తికెత్తుకోవడం, అందులోనూ ఎన్నికల ముందు, ఏ పార్టీ చేసినా నాకు నచ్చదు. రేసు వల్ల రాష్ట్రానికి ఇన్ని వందల కోట్ల లాభం అని చెప్పే అంకెలు కూడా చాలావరకు దాన్ని పెట్టినవాళ్లే చేయించుకున్న లెక్కలు. కాస్త ఉప్పు తగ్గించి చదువుకోవాలి.

ఇది మనకి దూరం సంగతేం కాదు. డాలస్ చుట్టుపక్కల మన కుటుంబాలు ఎన్ని ఉన్నాయో చెప్పక్కర్లేదు. అక్కడ ఆర్లింగ్టన్‌లో కౌబాయ్స్, రేంజర్స్ స్టేడియాల చుట్టూ 2.73 మైళ్ల ట్రాక్ మీద 2026 మార్చి నుంచి ఇండీకార్ రేసు అని 2024లోనే ప్రకటించారు. చుట్టూ ఎక్కువగా పార్కింగ్ స్థలాలే కాబట్టి ఇళ్లకి ఇబ్బంది తక్కువ, అది మంచి ఆలోచనే. అయినా రోడ్లు ఎన్ని రోజులు మూస్తారు, పోలీసుల ఓవర్‌టైం ఎవరు కడతారు, నిర్వాహకులు మధ్యలో వదిలేస్తే ఏమిటి అన్నవి అక్కడుండేవాళ్లు అడగాల్సినవే. నగరం చేసుకున్న ఒప్పందాల కాపీ కావాలంటే టెక్సస్ పబ్లిక్ ఇన్ఫర్మేషన్ చట్టం కింద ఎవరైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు. దానికి అమెరికా పౌరసత్వం కూడా అక్కర్లేదు.