నడిమిట్ల వచ్చే ఓటు

అమెరికాలో గవర్నర్లకు ఎన్నికలైతే మల్యాల మాల, మాదిగ వాడలకు ఒరిగేదేందని అడిగేటోళ్లు ఉంటరు. ఆ అడిగేటోళ్ల కోసమే మేము ఈ నాలుగు మాటలు రాస్తున్నం. 2025 నవంబర్ 4న వర్జీనియా, న్యూజెర్సీ రాష్ట్రాల్లో గవర్నర్ ఎన్నికలు జరిగినయి. రెండు చోట్లా అధ్యక్షుడు ట్రంప్ పార్టీ ఓడిపోయింది. వర్జీనియాలో లెఫ్టినెంట్ గవర్నర్‌గా హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హష్మీ గెలిచింది. మన పెద్ద పత్రికలు హైదరాబాద్ బిడ్డ గెలిచిందని ఫోటో వేసి సంబరపడి ఊకున్నయి. ఎవరి ఓటుతో గెలిచిన్రు, ఏం అడిగి గెలిపిచ్చిన్రు, అందుల మనకు పనికొచ్చేదేమున్నది అన్న ముచ్చట మాత్రం పక్కకు పోయింది.

ముందుగాల ఒక సంగతి. అక్కడి గవర్నర్, ఇక్కడి గవర్నర్ ఒకటి కాదు. ఇక్కడ గవర్నర్‌ను ఢిల్లీ పంపుతది, రాజ్‌భవన్‌లో కూర్చోబెడతది. అక్కడ గవర్నర్ అంటే మన ముఖ్యమంత్రి లెక్క. కానీ ఎమ్మెల్యేలు ఎన్నుకునేది లేదు, హైకమాండ్ సీల్డ్ కవర్ పంపేది లేదు. జనమే నేరుగా ఓటేసి కూర్చోబెడతరు. శాసనసభ పాస్ చేసిన బిల్లు మామూలుగ ఆ గవర్నర్ సంతకంతోని చట్టమైతది.

ఆ సంతకం బరువెంతో దళితులకు తెలిసొచ్చింది. సముద్రాలు దాటి పోయినా కులం మూటలో పెట్టుకొనే పోయిన్రు మనోళ్లు. ఆఫీసుల్లో, ఇండ్లు కిరాయికి ఇచ్చే కాడ, చదువుల కాడ కులం అడుగుతున్నరని అక్కడి దళితులు ఏండ్ల తరబడి కొట్లాడిన్రు. 2023 ఫిబ్రవరిలో సియాటెల్ నగరం కులవివక్షను నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ కూడా అట్లాంటి బిల్లునే పాస్ చేసింది. అక్టోబర్‌లో గవర్నర్ గావిన్ న్యూసమ్ ఉన్న చట్టాలే చాలని చెప్పి దాన్ని తిప్పి పంపిండు. ఆయన ట్రంప్ పార్టీవాడు కాదు, పేదలకు దగ్గరని చెప్పుకునే డెమొక్రాట్. జెండా రంగు చూసి నమ్మేటోళ్లకు ఇదొక పాఠం.

ఇగ ఈ ఎన్నికల తీరు. వర్జీనియా, న్యూజెర్సీ రాష్ట్రాలు గవర్నర్‌ను అధ్యక్ష ఎన్నికలైన మరుసటి ఏడాది ఎన్నుకుంటయి. పెద్ద ఎన్నికల హోరు అప్పటికి చల్లారిపోయి ఉంటది. నడిమిట్ల వచ్చే ఓటు అది. గద్దెనెక్కినోడి ఏడాది పనికి జనం ఇచ్చే మార్కులన్నట్టు. 1977 నుంచి వర్జీనియాలో అధ్యక్షుడి పార్టీ ఒక్క 2013లో తప్ప ప్రతిసారీ ఓడింది. బైడెన్ ఏలుతున్నప్పుడు 2021లో ఆయన పార్టీ ఓడింది, ట్రంప్ ఏలుతున్నప్పుడు 2025లో ఆయన పార్టీ ఓడింది. జనం ఎవరికీ పట్టా రాసియ్యలే.

ఇదే వర్జీనియా సంగతి ఇంకొంచెం చెప్పుకోవాలె. బానిసత్వాన్ని కాపాడుకునేటందుకు తెల్ల దొరలు యుద్ధం చేసినప్పుడు వాళ్ల రాజధాని ఈ రాష్ట్రంలోని రిచ్మండ్ నగరమే. యుద్ధంలో ఓడినా వాళ్లు మారలే. 1902లో కొత్త రాజ్యాంగం రాసుకొని ఓటుకు పన్ను పెట్టిన్రు. ఏడాదికి డాలరున్నర. మూడేండ్ల పన్ను ముందుగాల కడితేనే ఓటు. నల్లోళ్లను పేరు పెట్టి ఎల్లగొట్టలే, గరీబుతనాన్ని అడ్డం పెట్టి ఎల్లగొట్టిన్రు. ఆ పన్ను చెల్లదని సుప్రీంకోర్టు చెప్పేటాళ్లకు 1966 వచ్చింది.

అటువంటి గడ్డ మీద బానిసల మనుమడు డగ్లస్ వైల్డర్ 1989లో గవర్నర్‌గా గెలిచిండు. అమెరికాలో జనం ఓటుతో గవర్నర్ అయిన మొదటి నల్లజాతి మనిషి ఆయనే. పోలైన ఓట్లు 17 లక్షల పైన, మెజారిటీ 6,741. ఎన్నికల ముందటి సర్వేలు అలవోకగా గెలుస్తడని చెప్పినయి. సర్వేలో ఓటేస్తమన్న తెల్లోళ్లు కొందరు పెట్టె కాడికొచ్చేసరికి మనసు మార్చుకున్నరు. మన పల్లెల్లో ఇది చూడని దళిత అభ్యర్థి ఉన్నడా? అయినా ఆయన గెలిచిండంటే ఇరవై ఏండ్ల పని ఉన్నది దాని ఎనుక. 1969లో రాష్ట్ర సెనేట్, 1985లో లెఫ్టినెంట్ గవర్నర్, 1989లో గవర్నర్. చూడున్రి, అన్నీ నడిమి ఏండ్లే. హోరు లేని ఏండ్లల్లో మెట్టు మెట్టు ఎక్కిండు.

మరి 2025లో ఏమయింది? ట్రంప్ పార్టీ వర్జీనియాలో ఒక నల్లజాతి మహిళను నిలబెట్టింది. పేరు విన్సమ్ అర్ల్ సియర్స్, జమైకాలో పుట్టిన ఆమె. అప్పటికే లెఫ్టినెంట్ గవర్నర్. ఆమెకు ఎదురుగా అబిగైల్ స్పాన్‌బర్గర్ అనే తెల్లజాతి మహిళ. పై పైన చూస్తే నల్లోళ్ల ఓట్లన్నీ సియర్స్‌కు పడాలె. పడలే. పదింట తొమ్మిది ఓట్లు స్పాన్‌బర్గర్‌కే పోయినయని ఎగ్జిట్ పోల్స్ చెప్పినయి. ఆమె 15 శాతం తేడాతో గెలిచి ఆ రాష్ట్రానికి మొదటి మహిళా గవర్నర్ అయింది. అదే రోజు అదే ఓటర్లు అటార్నీ జనరల్ పదవికి జే జోన్స్‌ను గెలిపిచ్చిన్రు. ఆ కుర్చీలో కూర్చునే మొదటి నల్లజాతి మనిషి ఆయన.

అంటే నల్లోళ్లు తమ మనిషిని కాదనుకోలే. చర్మం చూసి మోసపోలే, అంతే. ట్రంప్ ప్రభుత్వం కేంద్ర ఉద్యోగాలను వేలల్ల కోసేసింది, ఆ దెబ్బ వర్జీనియాకు గట్టిగ తగిలింది. ఎన్నికల నాటికి ప్రభుత్వ ఆఫీసులు నెల పైన మూతపడి ఉన్నయి. న్యూజెర్సీలో కరెంటు బిల్లులు ఇంటింటి ఏడుపైనయి. అక్కడ గెలిచిన మికీ షెరిల్ కరెంటు ధర మీదనే గట్టిగ మాట్లాడింది. నువ్వు ఎవరన్నది తెలిసింది, ఎవరి దిక్కున్నవు చెప్పు అని ఓటర్లు అడిగిన్రు.

ఇగ మన గడప కాడికి వద్దాం. మల్యాల మండలం చొప్పదండి నియోజకవర్గంలో ఉన్నది. 2009 ఎన్నికల నుంచి అది ఎస్సీ రిజర్వుడు. పక్కన ధర్మపురి, అటు మానకొండూర్ కూడా అంతే. ఇక్కడ నిలబడే అందరూ మనోళ్లే. ఏ పార్టీ గెలిచినా గెలిచేది మన ముఖమే. కాబట్టి ముఖం చూసి ఓటేసే అవసరమే మనకు లేదు. కానీ మన వాడల్లో ఇప్పటికీ చర్చ అంతా ముఖం మీదనే. మాలనా మాదిగనా, మన సుట్టమా కాదా అన్న కాన్నే ఆగిపోతున్నం. ఆయన టికెట్ ఎవరి ఇంట్ల తెచ్చుకున్నడు, పైసలు ఎవరు పెట్టిన్రు, గెలిచినంక ఎవరి ఫోన్ ఎత్తుతడు అన్నది అడుగుతలేం.

బాబాసాహెబ్ అంబేడ్కర్ ఈ ముప్పును ముందే చూసిండు. 1932 సెప్టెంబర్ 24న పూనా ఒప్పందం మీద ఏ ఒత్తిడి నడుమ సంతకం పెట్టాల్సొచ్చిందో మనకు తెలుసు. సీట్లు పెరిగినయి గానీ ప్రత్యేక నియోజకవర్గాలు పోయినయి. సీటు మనది, గెలిపిచ్చే ఓటు అందరిది అయింది. ఊరంతా కలిసి ఎన్నుకునే కాడ దొరకు నచ్చిన దళితుడు గెలుసుడు సులువు, దళితులకు నచ్చిన దళితుడు గెలుసుడు కష్టం. రిజర్వుడు సీటు మనకు తలుపు తెరుస్తది. లోపలికి పోయినోడు మన మాట మాట్లాడాల్నంటే బయట మనం గట్టిగ నిలబడి ఉండాలె.

నడిమిట్ల వచ్చే ఓటుకు ఎంత భయపడతరో తెలుసుకునేటందుకు వర్జీనియా దాకా పోవద్దు. మన పాత కరీంనగర్ జిల్లా హుజూరాబాద్ చాలు. 2021లో ఈటల రాజేందర్ రాజీనామాతో ఉప ఎన్నిక వచ్చింది. అప్పటికి ఏడేండ్లు ఏలిన ప్రభుత్వానికి దళితులు అప్పుడు యాదికొచ్చిన్రు. ఆగస్టు 16న హుజూరాబాద్‌లో దళితబంధు మొదలుపెట్టిన్రు. కుటుంబానికి 10 లక్షలు. మూడెకరాల భూమి ఇస్తమన్న మాట మట్టిల కలిసినంక వచ్చిన పథకం ఇది. ఫలితం నవంబర్ 2న వచ్చింది. ఏలుతున్న పార్టీ 23,855 ఓట్లతో ఓడింది. విచిత్రమేందంటే సరిగ్గ అదే తారీఖున వర్జీనియా జనం కూడా బైడెన్ పార్టీని ఓడగొట్టిన్రు.

ఇందుల నేర్చుకోవాల్సింది ఒకటున్నది. హుజూరాబాద్‌లో దళిత కుటుంబాలన్నిటికీ అని మొదలైన పథకం, మిగతా చోట్లకు వచ్చేసరికి నియోజకవర్గానికి వంద కుటుంబాలైంది. హుజూరాబాద్ దళితుడికీ చొప్పదండి దళితుడికీ ఆకలిలో తేడా ఉన్నదా? లేదు. తేడా ఉప ఎన్నికలో ఉన్నది. పైసలు మన ఆకలిని చూసి రాలే, వాళ్ల భయాన్ని చూసి వచ్చినయి. తర్వాత 2023 ఆగస్టులో చేవెళ్లలో కాంగ్రెస్ పార్టీ 12 లక్షలు ఇస్తమని డిక్లరేషన్ చదివింది. ఆ మాట మీదనే మన ఓట్లు అడిగింది. గులాబీ జెండాను అడిగిన తీరుగనే ఆ జెండాను కూడా లెక్క అడగాలె.

అడిగే కాలం ఎప్పుడు? ఐదేండ్లకోసారి వచ్చే జాతర కాదు, నడిమి ఏండ్లే. మనకు నడిమిట్ల వచ్చే పెద్ద ఓటు ఊరి ఓటు. తెలంగాణలో సర్పంచుల గడువు 2024 ఫిబ్రవరి నాటికి తీరింది. దగ్గర దగ్గర రెండేండ్లు ఊర్లను స్పెషలాఫీసర్లు ఏలిన్రు. 2025 డిసెంబర్ 11, 14, 17 తేదీల్లో మూడు విడతల ఓట్లు పడ్డయి. మూడింట్లోనూ ఓటింగ్ 80 శాతం దాటింది. అంతకు నెల ముందే జూబ్లీహిల్స్ ఉప ఎన్నికలో సగం మంది కూడా గడప దాటలే. ఓటు విలువ తెలిసినోళ్లు ఎవరో ఈ రెండు లెక్కలే చెప్తయి.

అమెరికా గవర్నర్ తీరుగ జనం నేరుగ ఎన్నుకునే అధికారి మనకు సర్పంచే. కానీ 2018 పంచాయతీరాజ్ చట్టం చెక్ పవర్‌ను సర్పంచుకూ ఉపసర్పంచుకూ కలిపి ఇచ్చింది. ఉపసర్పంచును వార్డు మెంబర్లు ఎన్నుకుంటరు. రిజర్వేషన్ వచ్చిన ఊర్లె దళిత అక్కనో తమ్ముడో సర్పంచయితే, దొరలు ఉపసర్పంచు కుర్చీని పట్టుకుంటరు. ఆయన సంతకం పెట్టంది మోరీ కట్టిన కూలి కూడా రాదు. ఇగ కొన్ని ఊర్లల్ల ఏకగ్రీవం పేరుతోని సర్పంచు పదవిని వేలం పాడుతరు. ఓటుకు డాలరున్నర పన్ను పెట్టిన తెల్ల దొరకూ, గుడి ముందట పదవిని వేలం పాడే మన దొరకూ తేడా ఏందో మాకు కనవడలే. రెండింట్ల గరీబోడు బయటనే.

ఇంకొక ఓటు మన కండ్ల ముందటనే మాయమైతున్నది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల నుంచి గల్ఫ్ పోయినోళ్లు ఎంతమంది! సాంచెల పనికి భివండి పోయినోళ్లు ఎంతమంది! వర్జీనియాలో ఎన్నిక రోజుకు 45 రోజుల ముందు నుంచే ఓటేయొచ్చు, పోస్టులో పంపొచ్చు. మన దేశంలో 2010లో చట్టం మార్చి విదేశాల్లో ఉన్నోళ్లకు ఓటు ఇచ్చినమన్నరు. కానీ స్వయంగా ఊరికొచ్చి వేయాలె. దుబాయిలో ఇటుకలు మోసేటోడు విమానం టికెట్ కొనుక్కొని వచ్చి ఓటేస్తడా? ఇది కూడా ఓటు మీద పన్నే. వలస కూలీకి ఉన్నకాడనే ఓటు కావాల్నన్నది మన ఉద్యమం డిమాండ్ కావాలె.

1978లో జగిత్యాల జైత్రయాత్రకు జీతగాళ్లు, కూలోళ్లు కదిలినప్పుడు వాళ్లను ఏ ఎన్నికా పిలవలే. ఎన్నికలు లేని నాడు కదిలిన జనాన్ని చూసే దొరలు గడీలు విడిచి పట్నం పోయిన్రు. ఆ పౌరుషం ఓటు పెట్టె కాడ కూడా ఉండాలె.

అందుకే వాడవాడకూ మేము చెప్పేది ఇది. ఒక నోటుబుక్కు పెట్టున్రి. ఎమ్మెల్యే, సర్పంచు, పార్టీలు ఇచ్చిన మాటలన్నీ తారీఖుతో సహా రాయున్రి. గ్రామసభలో ఆ బుక్కు తీసి చదువున్రి. మన సర్పంచు ఉన్న ఊర్లె ఏ చెక్కు ఎవరి సంతకం కోసం ఎన్ని రోజులు ఆగిందో రాయున్రి. మళ్లా వార్డులకు నిలబడేటప్పుడు మెంబర్లను కూడా మనోళ్లనే గెలిపిచ్చే లెక్క ఇప్పుడే వేయున్రి. ముఖం మనది అయితే చాలదు, మాట మనది కావాలె. వైల్డర్‌కు ఇరవై ఏండ్లు పట్టింది. మనం ఈ నడిమి ఏడాది నుంచే మొదలుపెడుదాం.

జై భీమ్!