ట్రాన్స్‌ఫార్మర్ వయసును ఎవరు లెక్కిస్తున్నారు?

చందానగర్‌లో ముంబై హైవే వెంట లేచిన పెద్ద అపార్ట్‌మెంట్లకు సొంత ట్రాన్స్‌ఫార్మర్, సొంత జనరేటర్ ఉంటాయి. బస్తీలో మాత్రం స్తంభాల మీదున్న ఒక్క ట్రాన్స్‌ఫార్మరే పదుల ఇళ్లకు దిక్కు. అది కాలితే పరీక్షలకు చదివే పిల్లల నుంచి ఇంట్లో కుట్టు మెషీన్ నడిపే మహిళ దాకా అందరి పనీ ఆగుతుంది.

'ఎండాకాలం, లోడు పెరిగింది' అన్నది మామూలుగా వచ్చే జవాబు. కానీ ట్రాన్స్‌ఫార్మర్ ఒక్క రోజులో చావదు. లోపలి తీగచుట్ల మీది కాగితం, చుట్టూ ఉన్న ఆయిల్ ఏళ్ల తరబడి వేడికి పాడవుతాయి. కరెంటు 20 శాతం పెరిగితే చుట్లలో పుట్టే వేడి 44 శాతం పెరుగుతుంది. చుట్ల ఉష్ణోగ్రత పరిమితి దాటాక ప్రతి 6 డిగ్రీలకూ కాగితం పాడయ్యే వేగం దాదాపు రెట్టింపవుతుంది. పాతికేళ్లు పనిచేయాల్సింది ముందే కాలిపోతుంది.

ఈ భారం రికార్డుల్లో ఎందుకు కనిపించదు? కనెక్షన్ ఇచ్చిన రోజు రెండు బల్బులు, ఒక ఫ్యానుకు రాసిన లోడే చాలా ఇళ్లకు ఇంకా కొనసాగుతోంది. తర్వాత కూలర్, ఫ్రిజ్, అద్దె గదులు వచ్చాయి. లోడు పెంచి రాయించుకోవాలంటే డబ్బు కట్టాలి. అందుకే కాగితం మీద ట్రాన్స్‌ఫార్మర్ సరిపోతుంది, స్తంభం మీద సరిపోదు. నింద మాత్రం బస్తీ మీద పడుతుంది. 2024 మార్చి నుంచి గృహజ్యోతి 200 యూనిట్ల లోపు బిల్లును జీరో చేసింది. జీరో బిల్లుతో ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం పెరగదు.

కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను నగరాల్లో 24 గంటల్లో, గ్రామాల్లో 48 గంటల్లో మార్చాలని విద్యుత్ నియంత్రణ మండలి ప్రమాణాలు చెబుతున్నాయి. తప్పితే పరిహారం ఇవ్వాలని 2003 విద్యుత్ చట్టం 57వ సెక్షన్ చెబుతోంది. ఇవి అవసరమే. కానీ ఈ గడియారం కాలిన తర్వాతే మొదలవుతుంది. కాలకముందే ఏది మార్చాలో తేల్చే వరసలో బస్తీ ఎక్కడుందన్నదే అసలు ప్రశ్న.

కాబట్టి అడగాల్సింది కరెంటు ఒక్కటే కాదు, లెక్క కూడా. ప్రతి దళిత బస్తీలో ట్రాన్స్‌ఫార్మర్ ఏ ఏడాదిది? దాని సామర్థ్యమెంత, వేసవి సాయంత్రం అసలు లోడెంత? ఆయిల్ చివరిసారి ఎప్పుడు పరీక్షించారు? ఎన్నిసార్లు కాలింది? 2017 నాటి ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం కింద ఈ పనికి ఎంత ఖర్చయింది? టీజీఎస్పీడీసీఎల్ ప్రభుత్వ సంస్థ. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. విద్యార్థి సంఘాలు బస్తీకొక దరఖాస్తు పెట్టినా, వచ్చే వేసవికి మన దగ్గర ఫిర్యాదుతో పాటు ఆధారమూ ఉంటుంది.