దానపత్రమా, హక్కుపత్రమా?

పరదేశముల మాట వచ్చినప్పుడు మన సభలలో రెండు తెగలవారు లేతురు. "అచ్చట అట్లు చేసిరి, మనమును అట్లే చేయవలయును" అని యొక తెగవారు. "మన మట్టి వేరు, మన మనుష్యులు వేరు, వారి పద్ధతులు మనకు పొసగవు" అని రెండవ తెగవారు. అచ్చట చేసినదేమి, దానిని ఏ చేతులతో చేసిరి యని విచారించువారు రెండు తెగలలోను అరుదు. అందుచేత మనము పరులనుండి చట్టముల పేర్లు తెచ్చుకొనుచున్నాము గాని చట్టమును నడపు తీరు తెచ్చుకొనుట లేదు. ఈ దోషము నల్లగొండ, మహబూబ్‌నగరు జిల్లాల భూమి విషయమున కనబడినంత స్పష్టముగ మరెచ్చటను కనబడదు.

1951 ఏప్రిల్ 18వ తేదీన ఆచార్య వినోబా భావేగారు నల్లగొండ జిల్లా పోచంపల్లిలో ఉండిరి. ఆ గ్రామము 2016 నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది. ఊరి దళిత కుటుంబములు నలువది తమకు 80 ఎకరముల భూమి కావలెనని యడిగిరి. సభలోనుండి వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి 100 ఎకరములు ఇత్తుననిరి. భూదానోద్యమము పుట్టిన గడియ అది. దానిని చిన్నబుచ్చుట నా యుద్దేశము గాదు. అడిగినదానికన్న ఇరువది ఎకరములు ఎక్కువ యిచ్చు చేయి ఎన్నడో గాని కనబడదు. పిమ్మట వినోబాగారు దేశమంతట కాలినడకను తిరిగిరి. 1957 నాటికి 5 కోట్ల ఎకరములు సేకరింపవలెనని సంకల్పము. వచ్చినది సుమారు 42 లక్షలు. అందులో రాళ్లు రప్పలైనవెన్ని, వ్యాజ్యములలో చిక్కినవెన్ని అను లెక్కలోనికి నేను పోను. లెక్క బాగుగ నున్నను నా యాక్షేపణ పోదు. ఇచ్చువాడు ఇచ్చిన ధర్మాత్ముడు. ఇయ్యకున్న వానిని ప్రశ్నించుటకు అడిగినవానికి అధికారము లేదు. దానమనగా నిదియే గదా!

అంతకు కొలది సంవత్సరముల ముందే జపాను దేశమున మరియొక విధముగ జరిగినది. 1946 అక్టోబరులో అచ్చట భూసంస్కరణ చట్టము చేసిరి. ఊరిలో కాపురములేని భూస్వామి కౌలుకిచ్చిన భూమిని యావత్తును, ఊరిలోనున్నవానికి ఒక చో మాత్రము, అనగా సుమారు రెండున్నర ఎకరములు విడిచి తక్కినదానిని, ప్రభుత్వము కొని దున్నువానికే అమ్మెను. హొక్కైదో దీవియందు మాత్రము నాలుగు చోలు విడిచిరి. సంస్కరణమునకు ముందు ఆ దేశపు సాగుభూమిలో నూటికి 46 పాళ్లు కౌలుక్రింద నుండెడిది. 1950 నాటికి సుమారు 10 పాళ్లకు దిగినది. ఇంతవరకు మన విద్యావంతులకు తెలిసినదే. తెలియవలసినది వేరొకటి కలదు.

ఆ చట్టమును అమలు జరిపినది కలెక్టరు గాదు, తహసీలుదారు గాదు, కరణము గాదు. ఊరూర ఒక భూసంఘము ఏర్పడెను. సంఘమునకు పదిమంది సభ్యులు: కౌలుదారులు అయిదుగురు, భూస్వాములు ముగ్గురు, స్వంతభూమి దున్నుకొనువారు ఇద్దరు. ఏ తరగతి ప్రతినిధులను ఆ తరగతివారే యెన్నుకొనిరి. ఏ పొలము ఎవరిది, ఎవరు దున్నుచున్నారు, ఎవరికి అమ్మవలెను అని నిర్ణయించినది ఆ సంఘము. సంఘము నడుగక భూస్వామి కౌలుదారుని తొలగించి పొలము తిరిగి తీసికొనుటకు వీలులేదు. "వాడే తన యిష్టముతో వదలుకొన్నాడు" అని చెప్పుట సులభము; వాని తోటివారు అయిదుగురు ఎదుట కూర్చుండగా చెప్పుట సులభము గాదు.

ఇక మన చట్టము. హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయభూముల చట్టము 1950లో అమలులోనికి వచ్చెను. ఆ కాలపు భారతదేశ చట్టములలో అది మెచ్చదగినదే. చిరకాలము సాగుచేసిన కౌలుదారునకు 'రక్షిత కౌలుదారు' అని పేరిడి, తొలగింపకుండ కాపుదల కల్పించి, భూమి కొనుటకు హక్కు సైతము ఇచ్చెను. అక్షరము వెంట అక్షరము చూచిన జపాను చట్టమునకు చెల్లెలు వలెనే యుండును. అయితే పేరు వ్రాయు కలము ఎవరి చేతనుండెను? వంశపారంపర్యముగ వచ్చిన పట్వారీ చేత. పట్వారీ కూర్చుండునది ఎవరి అరుగుమీద? దేశముఖుగారి అరుగుమీద.

ఫలితమును ఆర్థికశాస్త్రజ్ఞులు ఎ. ఎం. ఖుస్రోగారు పరిశీలించి 1958లో గ్రంథముగ ప్రకటించిరి. 1951లో రక్షిత కౌలుదారులైనవారు నూర్గురను తీసికొన్నచో, నాలుగేండ్ల తరువాత ఆ హోదాతో నిలిచినవారు సుమారు 45 మంది. భూమి కొని యజమానులైనవారు 12 మంది. చట్టప్రకారము తొలగింపబడినవారు ముగ్గురైన లేరు. చట్టమునకు విరుద్ధముగ వెడలగొట్టబడినవారు 22 మంది. తక్కిన సుమారు 18 మంది 'స్వచ్ఛందముగ' వదలుకొనిరట! తరతరములుగ దున్నిన చెలక, దానిమీద చట్టము క్రొత్తగ హక్కు నిచ్చిన మరునాడే, ఏ రైతు స్వచ్ఛందముగ వదలుకొనును? పోచంపల్లిలో భూస్వామి స్వచ్ఛందముగ ఇచ్చెను. ఇచ్చట కౌలుదారుడు స్వచ్ఛందముగ ఇచ్చెను. మొదటి దానమునకు దేశమంతట జయజయధ్వానములు కలిగినవి. రెండవ దానమునకు సాక్షి పట్వారీ దస్త్రమొక్కటే.

దీనికి ప్రత్యుత్తరము సిద్ధముగ నున్నది. జపాను యుద్ధములో ఓడిన దేశము. మెకార్థరు సేన తలపై నిలిచి చేయించినది. స్వతంత్ర దేశమున ఓట్లతో నడచు ప్రభుత్వమునకు అది చేతగాదు, అని. ఈ మాటలో నిజము లేకపోలేదు. తైవాను ద్వీపమున 1949లో కౌలును పంటలో నూటికి 37½ పాళ్లకు తగ్గించి 1953లో భూమిని దున్నువాని పరము చేసిన పాలకులు సైతము పెద్దభూమినుండి వచ్చినవారే. ద్వీపములోని భూస్వాములు వారి బంధువులు గారు. పరుల పొలము పంచుట తేలిక యని ఎవరైన నవ్విన నేనును నవ్వుదును. అయితే కేరళమున ఏ సేన తలపై నిలిచినది? అచ్చట 1970 జనవరి 1వ తేదీన కౌలు వ్యవస్థను చట్టమే ముగించెను. పశ్చిమ బెంగాలున ఏ మెకార్థరు ఉండెను? 1978లో 'ఆపరేషన్ బర్గా' అను పేర అధికారులు కచేరీ విడిచి పాలుదార్ల వాడలకే పోయి, పొలముపని ముగిసిన సాయంవేళ వారిని గుంపుగ కూర్చుండబెట్టి పేర్లు వ్రాసిరి. ఒంటరిగ నోరు మెదపని పాలుదారు నలుగురిలో నున్నప్పుడు "ఈ మడి నేను దున్నుచున్నాను" అని చెప్పగలిగెను. కాదనువాడు నిరూపింపవలెను గాని ఔననువాడు కాదు. ఆ విధముగ పదునాలుగు లక్షలకు పైగా పాలుదార్ల పేర్లు దస్త్రమున కెక్కినవి. రెండును మన రాజ్యాంగము క్రిందనే, మన ఓట్లతోనే జరిగినవి.

మనవారు పరదేశములు చూడకపోలేదు. 1956లో మన ప్రభుత్వము రెండు ప్రతినిధి బృందములను చైనాకు పంపెను. వారు చూచి వచ్చినది సహకార వ్యవసాయము. ఆ మోజులో 1959 నాటి నాగపురము కాంగ్రెసు తీర్మానము వెడలెను. పొలములన్నియు కలిపి దున్నుడనిరి. ఆ సంవత్సరముననే చైనాలో ఘోరమైన కరవు ఆరంభమైనది. నేర్వదగనిది నేర్చుకొనబోయి తప్పించుకొంటిమి. నేర్వదగినది దాపుననే యున్నను చూడమైతిమి. జపాను సంస్కరణములో పనిచేసిన వోల్ఫ్ లాడెజిన్‌స్కీగారు మన దేశమునకు పలుమారులు వచ్చి, కౌలుదారుని పేరు దస్త్రమున లేనిచో చట్టము కాగితముగనే మిగులునని మన పెద్దలతో చెప్పుచునే యుండిరి.

నిజము చెప్పవలెనన్న జపాను వరకు పోనక్కరలేదు. 1946 నుండి 1951 వరకు నల్లగొండ పల్లెలలో 'సంఘము' అనగా ఏమో అడిగి తెలిసికొనుడు. ఆనాడు నల్లగొండ జిల్లాలో నుండిన కడవెండి గ్రామమున 1946 జులై 4వ తేదీన దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు కూలిన పిమ్మట, వెట్టిని ఆపినది సంఘము, బేదఖలుచేసిన పొలములను తిరిగి పట్టించినది సంఘము, బంజరు పంచినది సంఘము. సంఘము చేసిన పనులన్నియు నాకు సమ్మతములు గావు; తుపాకి పట్టిన చోట న్యాయవిచారణ నిలువదు. కాని ఊరి పొలము ఎవరిదో ఊరి బీదలు కూర్చుండి నిర్ణయింపగలరని ఋజువైనది అచ్చటనే. జపాను ప్రభుత్వము అటువంటి సంఘమునే చట్టములో చేర్చి, భూస్వామికి మూడు పీటలు వేసి, ఎన్నికలు పెట్టి, దానిచే పని చేయించుకొనెను. మన ప్రభుత్వము సంఘమును అణచి, చట్టమును పట్వారీకి అప్పగించెను. భేదమంతయు ఇంతలోనే యున్నది.

తరువాతి కథ త్వరగా చెప్పవచ్చును. రక్షిత కౌలుదారునకు యాజమాన్యము సంక్రమింపజేయు సెక్షను తెలంగాణములో అత్యధిక భాగమునకు 1973లో గాని వర్తింపలేదు. అప్పటికి ఇరువదిమూడేండ్లు గడచినవి, హక్కుదారులలో పలువురు పొలము బాసి ఏనాడో పోయిరి. 1984లో పట్వారీ వంశపారంపర్యము రద్దైనది. 2020లో గ్రామ రెవిన్యూ అధికారి ఉద్యోగమును రద్దుచేసి, ధరణి యను యంత్రదస్త్రము తెచ్చిరి. దాని స్థానమున 2025లో భూభారతి చట్టము వచ్చెను. కలము పట్వారీ చేతినుండి ఉద్యోగి చేతికి, ఉద్యోగి చేతినుండి యంత్రమునకు మారినది. కౌలుదారుడు మాత్రము ఆ గదిలోనికి ఎన్నడును పిలువబడలేదు. ధరణిలో పట్టాదారునకు చోటుండెను. దున్నువానికి చోటు లేకుండెను.

ఫలమేమి? 2018లో ఆరంభమైన రైతుబంధు సొమ్ము పట్టాదారునకే పోయెను. విత్తనము, ఎరువు, బోరుబావి చింత కౌలుదారునకు. ఆ యేటనే వచ్చిన రైతుబీమా, రైతు మరణించిన కుటుంబమునకు 5 లక్షల రూపాయలిచ్చును. పాసుపుస్తకము లేనివాడు ఆ లెక్కన రైతే గాడు. పదేండ్లు ఒకే చెలకను కౌలుకు దున్నినవాడు పాముకాటుతో ఆ చెలకలోనే చచ్చిన, వాని భార్య కచేరీకి పోయి ఏ కాగితము చూపవలెను? మహబూబ్‌నగరు పల్లెలకు కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతలతో కృష్ణ నీరు చేరినది, సంతోషమే. నీరు వచ్చిన పొలమునకు కౌలు పెరుగును, అదియు ముందుగనే చెల్లింపవలెను. దేశమంతట ఆనకట్టలు కట్టిన పాలమూరు కూలీ, తన జిల్లాకు నీరు వచ్చినదని మేస్త్రీని విడిచి ఇంటికి మరలిన, వానికి మొదట ఎదురగునది ఆ పెరిగిన కౌలే.

ప్రయత్నములు లేవనను. ఉమ్మడి రాష్ట్రమున 2011లో కౌలుదారునకు ఏడాది గుర్తింపుకార్డు ఇచ్చు చట్టము చేసిరి. రాష్ట్రము విడిపోయిన పిమ్మట తెలంగాణమున దాని మాట మరుగున పడెను. ఆంధ్రప్రదేశమున 2019లో చేసిన పంటసాగుదారుల హక్కుల చట్టమున, కార్డుకై భూయజమాని సంతకము కావలెనని పెట్టిరి. హక్కు పేర చట్టము, దానికి దాత సంతకము! పోచంపల్లి దాటి మనము ఎంత దూరము వచ్చితిమి?

ఇప్పుడు ఈ పత్రిక చదువువారితో ఒక మాట. నేటి కౌలు దేశముఖు కౌలు గాదు. మనలో అనేకుల పేర ఊర మూడో నాలుగో ఎకరములు కలవు, మనము పట్నమున ఉద్యోగములలో నున్నాము, పొలము కౌలుకిచ్చితిమి. ఊరనే యున్న వితంతువు సైతము వేరు దారిలేక రెండెకరములు కౌలుకిచ్చును. "వాని పేరు దస్త్రమెక్కిన మా భూమి పోవును" అని మనము భయపడుచున్నాము. ఆ భయమును నేను వెక్కిరింపను. మన యింటిలోనే కలదు. కాని నేడు అడుగుచున్నది యాజమాన్యము గాదు. ఈ యేడు ఈ సర్వే నంబరు ఇతడు సాగుచేసినాడు అని వ్రాయుట మాత్రమే. ఆ వ్రాత యాజమాన్యమునకు సాక్ష్యము గాదని చట్టములో ఒక్క వాక్యము చేర్చిన మన భయము తీరును. తీరిన పిమ్మట కూడ వలదనువారు తమ భూమిని గూర్చి గాక ప్రభుత్వ సాయపు సొమ్మును గూర్చి భయపడుచున్నారని ఒప్పుకొనవలెను. సంస్కరణ సభలలో జపాను, డెన్మార్కు, స్వీడనుల మాట లెత్తు మనము, మన కౌలుదారుని పేరు కాగితమున వ్రాయించితిమా యని మొదట ఇంటిలో అడుగుకొనవలెను.

ప్రభుత్వమును అడుగవలసినదియు చిన్నదే. ప్రతి వానకాలమునకు ముందు ఊరూర ఒక భూసంఘము కూర్చుండవలెను. కౌలుదారులు అయిదుగురు, కౌలుకిచ్చువారు ముగ్గురు, స్వంతసాగువారు ఇద్దరు. కూలి పోకుండ, సాయంవేళ, వాడలోనే కూర్చుండవలెను. ఎవరు ఏ పొలము దున్నుచున్నారో బిగ్గరగ చదివి వ్రాయవలెను. కాదనువాడు అచ్చటనే చెప్పవలెను. ఆ యయిదుగురిని ఎవరు నియమింతురని నన్ను ఒక మిత్రుడు అడిగెను. ఎమ్మెల్యేగారా, కలెక్టరుగారా యని. జపానులో వారిని కౌలుదారులే ఎన్నుకొనిరి.