ఏడవ తరానికి తలుపు తెరిచారు, తాళపుచెవి కాగితాలలో ఉన్నది

2024 మార్చిలో మారిషస్ జాతీయ దినోత్సవానికి ముఖ్య అతిథిగా విచ్చేసిన భారత రాష్ట్రపతి శ్రీమతి ద్రౌపదీ ముర్ము, ఆ దేశంలోని భారత సంతతివారు ఏడవ తరం వరకు ఓ.సి.ఐ. కార్డుకు అర్హులు కాగలరని ప్రకటించారు. అంతకు ముందు 2023 జూన్‌లో సూరినామ్ వారికి ఆరవ తరం వరకు ఈ అవకాశాన్ని పొడిగించారు. 2025 జూలైలో ప్రధానమంత్రి శ్రీ నరేంద్ర మోదీ ట్రినిడాడ్ వారికి కూడా ఆరవ తరం వరకు దీనిని ప్రకటించారు. ఒప్పంద కూలీల సంతతికి ఇది శుభవార్తయే. అయితే ఈ కార్డు ఏమిస్తుంది, ఏమి ఇవ్వదు, ఎవరికి అందుతుంది అనే మూడు ప్రశ్నలు మన కుటుంబాలలో ఇంకా తేలలేదు.

బహ్రెయిన్ పడమటి తీరాన ఉన్న ఈ జల్లాఖ్‌లో కూర్చుని చూస్తే ఆ ప్రశ్నలు స్పష్టంగా కనిపిస్తాయి. బ్రతుకుతెరువుకు వచ్చిన తెలంగాణ, ఆంధ్ర సోదరుల చేతిలో ఉన్నది భారత పాస్‌పోర్టు. తోటల సంతతివారమైన మన చేతులలో ఉన్నవి మారిషస్, దక్షిణాఫ్రికా, మలేషియా పాస్‌పోర్టులు. ఉగాదినాడు అందరమూ ఒకే పంక్తిలో భోజనం చేస్తాము. కార్డు వచ్చినవారు ఆ పంక్తిలోనే "ఇక మాకు రెండు దేశాల పౌరసత్వం" అని సంతోషంగా చెప్పుకుంటారు. ఆ మాట నిజం కాదని పెద్దలుగా మేము చెప్పవలసి ఉన్నది.

భారతదేశం ద్వంద్వ పౌరసత్వాన్ని అంగీకరించదు. 1955 నాటి పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం, తన ఇష్టంతో మరొక దేశపు పౌరసత్వం పొందిన వ్యక్తి భారత పౌరుడు కాకుండా పోతాడు. అతడు భారత పాస్‌పోర్టును తిరిగి అప్పగించవలసిందే. 2005 నాటి సవరణ తరువాత, 2006 జనవరిలో మన హైదరాబాదులో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్ సభలో తొలి ఓ.సి.ఐ. కార్డులు అందజేశారు. ఈ కార్డు ఉన్నవారు జీవితాంతం వీసా కోసం మళ్ళీ అర్జీ పెట్టకుండా భారతదేశానికి ఎన్నిమార్లయినా వెళ్ళిరావచ్చును. అయితే ఓటు లేదు, రాజ్యాంగ పదవులు లేవు. వ్యవసాయ భూమిని గాని, తోటను గాని కొనే వీలు లేదు. చెరకు తోటలో నడుము విరిగిన కూలీ సంతానానికి పూర్వీకుల జిల్లాలో ఒక మామిడి తోట కొనే హక్కు కూడా లేదన్నమాట.

ప్రయాణ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఈ కార్డు పాస్‌పోర్టు కాదు. భారతదేశానికి వెళ్ళేటప్పుడు మన పాస్‌పోర్టుతో పాటు చూపవలసినదే గాని, బహ్రెయిన్ విమానాశ్రయంలో గాని, 1986లో తెరచిన కింగ్ ఫహద్ వంతెన మీద సౌదీ సరిహద్దులో గాని దానికి విలువ లేదు. ఇక్కడ ఆపద వస్తే మనలను తన పౌరులుగా చూసుకొనే బాధ్యత మన పాస్‌పోర్టు ఇచ్చిన దేశానిదే.

నిజంగా రెండు పాస్‌పోర్టులు ఉన్నవారికి వేరే చిక్కులు ఉన్నవి. వీసా ఏ పాస్‌పోర్టు మీద ఉన్నదో ఆ పాస్‌పోర్టుతోనే రాకపోకలు సాగాలి. దక్షిణాఫ్రికా పౌరులు తమ దేశంలోకి ప్రవేశించేటప్పుడు, వెలుపలికి వచ్చేటప్పుడు ఆ దేశపు పాస్‌పోర్టునే వాడాలని అక్కడి చట్టం. ముందస్తు అనుమతి లేకుండా మరొక పౌరసత్వం తీసుకున్నవారు దక్షిణాఫ్రికా పౌరసత్వం కోల్పోతారన్న నిబంధనను మాత్రం అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 2025 మే నెలలో కొట్టివేసింది. మలేషియాలో తీరు వేరు. స్వచ్ఛందంగా పరదేశ పౌరసత్వం పొందినవారి పౌరసత్వాన్ని తొలగించే అధికారం రాజ్యాంగపు 24వ అధికరణం ప్రభుత్వానికి ఇస్తున్నది. ఒకరికి చెల్లినది మరొకరికి చెల్లదు గనుక పక్కింటివారి అనుభవాన్ని నమ్మి ప్రయాణం కట్టరాదు.

ఇక అసలు విషయానికి వస్తాము. 1834 మొదలుకొని సుమారు 4,50,000 మంది ఒప్పంద కూలీలు మారిషస్‌కు వెళ్ళారు. 1860 నుండి 1911 వరకు సుమారు 1,52,000 మంది నేటాల్‌కు వెళ్ళారు. రెండు చోట్లకూ విశాఖపట్నం, గోదావరి ప్రాంతాల తెలుగువారు తరలిపోయారు. ఒక ఊరి అన్నదమ్ములలో ఒకరు పోర్ట్ లూయీలో, మరొకరు డర్బన్‌లో దిగారని అనుకుందాము. చట్టంలోని సాధారణ నియమం మునిమనుమల తరంతో ఆగిపోతుంది. ప్రత్యేక ప్రకటన వెలువడిన దేశంలో ఏడవ తరం బాలుడికి కార్డు అందుతుంది. అటువంటి ప్రకటన లేని దేశంలో అతని దాయాది మనుమడికి అందదు. దేశాధినేతల పర్యటనను బట్టి బంధుత్వాన్ని కొలవడం న్యాయం కాదని మా అభిప్రాయం. తోటలకు వెళ్ళినవారి సంతతి అందరికీ ఒకే లెక్క ఉండాలి.

లెక్క ఒకటైనా రుజువు లేనిదే కార్డు రాదు. ఏడు తరాలంటే జనన, వివాహ పత్రాల గొలుసు. ఓడ దిగిననాడు గుమాస్తా చెవికి తోచినట్లు వ్రాసిన పేరు ఒక పత్రంలో ఒక విధంగా, మరొక పత్రంలో మరొక విధంగా ఉంటుంది. అక్కడ గొలుసు తెగుతుంది. మారిషస్ తెలుగువారు నేటికీ సింహాద్రి అప్పన్నను కొలుస్తున్నారు. ఆ పూజ మన మూలం ఎక్కడిదో చెబుతుంది గాని, అధికారి బల్ల మీద అది సాక్ష్యంగా నిలవదు. మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రపరచిన వలస దస్తావేజులు నిలుస్తాయి. వలసదారు సంఖ్య, ఓడ పేరు, స్వగ్రామం వాటిలోనే దొరుకుతాయి.

కనుక ప్రతి ఆలయ కమిటీకి మా విన్నపం ఇది. వృద్ధులు మన మధ్య ఉన్నప్పుడే వారి తాతముత్తాతల పేర్లు, వాటి వేర్వేరు వ్రాతలు, ఊళ్ళు, వలస సంఖ్యలు ఒక పుస్తకంలో నమోదు చేయించండి. పాత వివాహ రిజిస్టర్లకు నకళ్ళు తీయించండి. కార్డు కావాలా వద్దా అన్నది మన పిల్లలు రేపు నిర్ణయించుకుంటారు. ఆ నిర్ణయానికి అవసరమైన కాగితం మన అశ్రద్ధ వలన లేకుండా పోరాదు.